సాంబయ్య గారి ముద్రల పుస్తకం

మొన్న ముసురుకి బట్టలు ఆరక, వసారాలో దండెం మీద వేసిన పాత దుప్పటి ఒకటి ముక్కిపోయిన వాసన వేసింది. ఆ వాసన వెనకనుంచి సన్నగా ఇంకొకటి వచ్చింది. కరక్కాయ వాసన. పాతికేళ్ళు కావస్తున్నా అది పోలేదు, లేకపోతే పోనివ్వనని నా ముక్కే పంతం పట్టిందో. ఆ దుప్పటికి నాలుగు వైపులా మల్లెతీగ అంచు ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. చూసినవాళ్ళంతా "పని పూర్తి కాలేదా ఇది?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పను. సరిగ్గా అప్పుడే బజారులో ఫ్రేములు కట్టే కుర్రాడు ఫోన్ చేశాడు. మా ఆవిడ ఫొటో ఒకటి పెద్దది చేయించాలి. "ఫోన్‌లో పంపేయండి అంకుల్, కొంచెం కుదించుకుపోతుంది గానీ కంటికి తేడా తెలీదు" అన్నాడు. కంటికి తేడా తెలీదు అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. పాపం ఆ కుర్రాడిమీద కాదు. ఆ మాట నేనూ ఒకరితో అన్నాను. ఆయన పేరు సాంబయ్య గారు. పెడనలో కలంకారీ అద్దకం చేసేవారు.

నాది దివిసీమ. ఏడో తరగతితో చదువు ఆగింది. గుడివాడలో ఒక ఫొటో స్టూడియో చీకటిగదిలో ఇరవై ఏళ్ళు ఫొటోలు కడిగాను. ఆ పని చచ్చిపోతోందని తెలిశాక, తొంభైల చివర బందరు వచ్చి ఒక కంప్యూటరు, ఒక స్కానరు పెట్టుకుని శుభలేఖలు, కరపత్రాలు వేయడం మొదలుపెట్టాను. కంప్యూటరు నేర్పుతామని బోర్డు కట్టిన చోటికి వెళ్తే, "డిగ్రీ ఉందా?" అని అడిగాడు అక్కడి కుర్రాడు. లేదన్నాను. "పెద్దవారు, మీకెందుకండీ ఇవన్నీ?" అన్నాడు. ఆ 'అండీ' ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకుని, మెషీనుతో వచ్చిన పుస్తకాన్నే మాటమాటకీ అర్థం చూసుకుంటూ చదివాను. ఏ బొత్తాం నొక్కితే ఏమవుతుందో వచ్చింది. ఎందుకవుతుందో రాలేదు. అది నేర్పింది, జన్మలో కంప్యూటరు ముట్టుకోని సాంబయ్య గారు.

ఆయన నా కొట్టుకి వచ్చిన రోజు చంకలో గుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. మోచేతి పొడుగు. పేజీకొక నల్లటి ముద్ర. అద్దకానికి వాడే టేకు అచ్చులు అరిగిపోతాయి. అరిగినవి రంగుల కాగు కింద పొయ్యిలోకి పోతాయి. అందుకే ఏ పువ్వుకైనా మొదటి అచ్చు కొత్తగా ఉన్నప్పుడే ఒక్కసారి కాగితం మీద ముద్ర వేసి ఈ పుస్తకంలో కుట్టుకుంటారు. మళ్ళీ అదే పువ్వు కావాలంటే ఈ పేజీ చూసి కొత్త అచ్చు చెక్కాలి. వాళ్ళ తాతగారి నాటినుంచీ అంతే. మొత్తం నలభై ఒక్క ముద్రలు. కాగితం అప్పడంలా విరుగుతోంది, పురుగు కొట్టింది. ఆయన కళ్ళకి సోడాబుడ్డి అద్దాలు, వాటి వెనక చూపు మసక.

"అబ్బాయ్, నా చూపు పూర్తిగా పోయేలోపు ఇవి ఎక్కడైనా పదిలంగా ఉండాలి. నీ డబ్బాలో పెడతావా?" అన్నారు.

"ఎందుకు పెట్టనండీ బాబాయ్! కుదించి ఈ ఫ్లాపీల్లో పెట్టేస్తాను."

ఫ్లాపీ తీసుకుని, కంటికి ఆనించుకుని చూశారు. "కుదిస్తే కొంత పోతుందిగా?"

"పోదండీ. విప్పితే ఎలా ఉన్నది అలాగే వస్తుంది."

"ఎలా పోదు?"

నాకు కుదించడానికి జిప్ అనే బొత్తాం ఉందని తెలుసు, అంతే. ఆయన నవ్వి, "ఆదివారం మా ఇంటికి రా. నువ్వు చెప్పలేనిది నేను చెప్తాను" అని పుస్తకం మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

పెడనలో ఆయన షెడ్డు కాలవ గట్టున ఉండేది. లోపలికి అడుగు పెడితే గుడ్డలు నానబెట్టే కరక్కాయ నీళ్ళ వాసన, ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగు కంపు, రెండూ కలిసి గొంతులో పడేవి. బల్లమీద ఒక దుప్పటి పరిచి ఉంది. "ఇందులో పువ్వులెన్నో లెక్కపెట్టు" అన్నారు. నూటముప్ఫై దాకా వచ్చి తప్పిపోయాను. "నేను చెక్కింది ఎన్నో తెలుసా? ఒక్కటి" అన్నారు. తర్వాత జేబులోంచి చీటీ తీశారు. 'అంచు నలభై, మూల ఒకటి, ఆకు పన్నెండు, పువ్వు ముప్ఫైఆరు, ఇదే వరస నాలుగు వైపులా.' అంతే ఉంది అందులో. ఆ చీటీ, ఆ నాలుగు అచ్చులు చేతిలో పెడితే ఇంకో ఊళ్ళో ఇంకో పనివాడు ఇదే దుప్పటిని గీత తేడా లేకుండా అద్దుతాడు. "దుప్పటి మోసుకెళ్ళక్కర్లేదురా. మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని ఒక్కసారి చెప్పి, ఎన్నిసార్లో చెప్తే చాలు. ఏం పోయింది ఇందులో?" అన్నారు.

ఏమీ పోలేదు. అచ్చుల పిడులమీద గాట్లు చూపించారు. రోజూ వాడే ఆకుకి ఒక్క గాటు. పువ్వుకి రెండు. ఏడాదికొకసారి బయటికి తీసే ఏనుగుకి ఏడు. ఎందుకలాగ అన్నాను. "ఆకు అచ్చు నెలకొకటి అరుగుతుంది. ప్రతిసారీ ఏడు గాట్లు ఎవడు పెడతాడ్రా, ఎప్పుడూ వచ్చేదానికి పొట్టి గుర్తు, ఎప్పుడో వచ్చేదానికి పొడుగు గుర్తు" అన్నారు. రెండేళ్ళ తర్వాత ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో జిప్ లోపల జరిగేది ఇదేనని, ఈ రెండు ఉపాయాలేనని, మూడు రోజులు కుస్తీపట్టి చదివి తెలుసుకున్నాను. ఆ పుస్తకం రాసినవాళ్ళకి ఎన్ని డిగ్రీలున్నాయో గానీ, సాంబయ్య గారి దగ్గర ఒక్క పూటలో అయిపోయిన పాఠం అది.

వాళ్ళావిడ సీతమ్మ పిన్ని మజ్జిగ తెచ్చి, "మొదలుపెట్టాడా ప్రవచనం! నలభై ఏళ్ళుగా నాకు చెప్తూనే ఉన్నాడు నాయనా, ఇవాళ నువ్వు దొరికావు" అంది. గోడమీద కలంతో గీసిన ఒక నెమలి ఉంది. "మరి దాన్ని చీటీలో రాయగలరా?" అని అడిగాను. ఆయన ముఖం కొంచెం మారింది. "రాయలేం. అందులో ఏ గీతా రెండోసారి రాదు. అలాంటిదాన్ని ఎంత నొక్కినా తగ్గదు. తగ్గిందీ అంటే, ఎక్కడో ఏదో కోసేశావన్నమాట" అన్నారు. ఆ మాట విన్నాను. విని ఊరుకున్నాను.

మర్నాడే ఆయన పుస్తకంతో నా కొట్టుకి వస్తే మొదటి పేజీ చేశాను, మల్లెతీగ అంచు. ఆ కాగితం కొంచెం బాగుంది. అచ్చంగా నలుపు తెలుపుల్లో స్కాన్ చేసి జిప్ నొక్కితే పదోవంతుకి దిగింది. మరి తెలుపు పక్కన తెలుపు, నలుపు పక్కన నలుపు, వేలకి వేలు. సాంబయ్య గారు కుర్చీలోంచి కదల్లేదు. "ఇప్పుడు విప్పు" అన్నారు. విప్పాను. "కాగితం మీద తియ్యి." తీశాను. దాన్ని, పుస్తకంలో పేజీని కలిపి కిటికీ అద్దానికి ఆనించి వెలుతుర్లో చూశారు. గీతమీద గీత కూర్చుంది. "మూట కట్టగానే అసలు సరుకు పారేయకూడదురా. విప్పి, పక్కన పెట్టి చూశాకే" అన్నారు.

మిగతా నలభై పేజీలదీ వేరే కథ. మరకలు, చెమ్మ, పురుగు కన్నాలు. నలుపు తెలుపుల్లో తీస్తే సన్న గీతలు ఎగిరిపోతున్నాయి. బూడిద ఛాయలన్నీ ఉంచి తీస్తే మెషీను నిండిపోతోంది. జిప్ నొక్కితే తగ్గదు. మరకకి వరస ఏముంటుంది, ఏ చుక్క పక్కన ఏ చుక్కో! జిప్ చేసినదాన్ని మళ్ళీ జిప్ చేసి కూడా చూశాను, బుద్ధి లేక. ఆ సంగతి చెప్తే, "పిండేసిన పంచెని మళ్ళీ పిండితే నీళ్ళెక్కడివిరా" అని నవ్వారు. అప్పుడు నేను ఫొటోల పద్ధతికి దిగాను. అది వేరే రకం కుదింపు. కన్ను పట్టించుకోదనుకున్నదాన్ని తీసేసి ఫైలు చిన్నది చేస్తుంది, తీసేసింది మళ్ళీ రాదు. పెళ్ళికూతురి బుగ్గకి అది సరిపోతుంది. చెక్కాల్సిన గీతకి సరిపోదు. పైగా మరకలు తుడవడానికి ఒక్కో ఫైలు నాలుగైదుసార్లు తెరిచి మళ్ళీ సేవ్ చేశాను. సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం తిన్నది. నేనేమో స్టూడియో మనిషిని, నాకు తెలియదా అనే పొగరు. నలభై పేజీలూ నాలుగు ఫ్లాపీల్లోకి వచ్చేశాయి.

"అన్నీ అయిపోయాయండీ బాబాయ్" అని చెప్పాను.

"విప్పి చూశావా?"

"చూశానండీ. కంటికి తేడా తెలీదు."

తెరమీద చూశాను, అంతే. కిటికీ దగ్గర ఒక్కటి కూడా పెట్టి చూడలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇక ఆ పుస్తకం అక్కర్లేదండీ" అని కూడా అన్నాను.

అద్దకంవాళ్ళ ఇళ్ళలో పనికి వాడి పాతబడ్డదాన్ని చెత్తలో వేయరు. అచ్చయితే పొయ్యి, పుస్తకమైతే కాలవ. గుడ్డలు జాడించే రేవులోనే, పసుపు రాసి నీళ్ళలో వదులుతారు. నన్నూ పిలిచారు. సీతమ్మ పిన్ని గట్టుమీద నిలబడి, "నాలుగు రోజులు ఆగితే ఏం? ఇంటికేమైనా బరువా అది?" అంది. "అబ్బాయి చెప్పాడుగా, అంతా పదిలంగా ఉందని" అన్నారాయన. మోకాలి లోతు దిగి, పుస్తకాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు నీళ్ళమీద పెట్టారు. అది కాసేపు తేలింది. నీళ్ళు తాగి బరువెక్కి, తూము వైపు మళ్ళి, మునిగింది. నేను చేతులు కట్టుకుని చూశాను.

రెండు నెలలకి మామిడిపిందె బుటా అచ్చు అరిగి పొయ్యిలోకి పోయింది. కొత్తది చెక్కడానికి నా ఫ్లాపీలోంచి కాగితం తీసి ఇచ్చాను. చెక్కేది ఇస్మాయిల్, సాంబయ్య గారి చేతికింద పని నేర్చుకున్న మనిషి. నేను వెళ్ళేసరికి ఉలి పక్కన పెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఏం సార్, ఇదేం కాగితం?" అన్నాడు నాతో. "ఇక్కడ గీత ఎక్కడ ఆగింది? నల్లగా లేదు, తెల్లగా లేదు, పొగపట్టినట్టు ఉంది. ఉలి ఎక్కడ పెట్టమంటారు?"

"కొంచెం అటూ ఇటూగా పెట్టవయ్యా" అన్నాను.

"అటూ ఇటూ ఏంటండీ! నల్లగీతకి ఒక అచ్చు, ఎరుపుకి ఒక అచ్చు. వెంట్రుక తేడా వచ్చినా ఎరుపు గీత దాటి బయటికొస్తుంది. జంటగీత ఉండాలిక్కడ, అతుక్కుపోయి ఒకటైంది."

సాంబయ్య గారు కాగితం తీసుకుని, అద్దాలు పైకి నెట్టి, ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు. "ఇది నా పిందె లాంటిదే. నా పిందె కాదు" అన్నారు.

"అదేంటండీ, కంటికి తేడా..."

"ఎవరి కంటికిరా?"

గొంతు పెంచలేదు. ఆ చూపు సరిగా లేని మనిషి ఆ మాట అడిగితే షెడ్డులో పనివాళ్ళంతా తలలు దించుకున్నారు. మిగతా ముప్ఫైతొమ్మిదీ కాగితం మీద తీసి తెమ్మన్నారు. కొట్టుకెళ్ళి తీసి తెచ్చాను. ఒక్కొక్కటీ పక్కన పెడుతూ, "లాంటిదే... ఇదీ లాంటిదే" అంటూ పోయారు. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండునని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను.

వాటి అచ్చులు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి కాబట్టి, ఆ వేసవంతా జ్ఞాపకంమీద మళ్ళీ గీయడానికి కూర్చున్నారు. ఆరు గీశారు. ఏడోదానికి తీగ ఎటు తిరగాలో తెలియక కాగితం మడిచేశారు. తర్వాత చూపు పూర్తిగా పోయింది. రెండో ఏటి వానల్లో ఆయనా పోయారు. నేను వెళ్తే సీతమ్మ పిన్ని, "నీకిమ్మన్నాడు" అని ఒక దుప్పటి చేతిలో పెట్టింది. మొదటి రోజు కిటికీ దగ్గర సరిచూసిన ఆ ఒక్క మల్లెతీగ ఫైలు విప్పి నేను తీసిన కాగితాన్ని దాచి ఉంచి, దాన్నుంచి ఇస్మాయిల్ చేత అచ్చు చెక్కించి, నాలుగు వైపులా అద్దించారట. "మధ్యలో ఏం వెయ్యమంటావయ్యా అంటే, లాంటివి వేయకండి, ఖాళీగా ఉంచండి అన్నాడు నాయనా" అంది.

ఆ ఒక్క ఫైలూ ఇప్పటికీ నా దగ్గరుంది. ఫ్లాపీలోంచి సీడీకి, సీడీలోంచి ఇంకోదానికి, మెషీను మారినప్పుడల్లా మోసుకొచ్చాను. మార్చిన ప్రతిసారీ విప్పి, కాగితం మీద తీసి, దుప్పటి అంచు పక్కన కిటికీకి ఆనించి, గీతమీద గీత కూర్చుందని చూశాకే పాతది చెరుపుతాను. చూసి మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఫ్రేముల కుర్రాడితో, "ఫోన్‌లో పంపనురా, అసలు ఫొటోయే తెస్తాను, నా ఎదురుగా చెయ్యి" అన్నాను. వాన తెరిపిచ్చాక దుప్పటి ఎండలో వేశాను. ఎదురింటాయన గోడమీంచి చూసి, "ఏమండీ, మధ్యలో పువ్వులు వేయించలేదా?" అన్నాడు.

"ఉండేవండీ, నలభై" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పడం అదే మొదటిసారి.