మంగళ, గురు, శని తప్ప

మా నాన్న రెండేళ్ళుగా నోరు తెరిచి ఏదీ అడగలేదు. అన్నం పెడితే తినేవాడు, ఆస్పత్రికి పదమంటే చెప్పులేసుకునేవాడు. అలాంటి మనిషి ఒక సాయంత్రం డయాలసిస్ అయ్యాక ఆటోలో ఇంటికొస్తూ, "ఓపాలి నేస్తం ఊరెల్దామే అమ్మా. పెద్దవల లాగాలని ఉన్నాది" అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. ఏదైనా నాకు ముందు కోపమే వస్తుంది, మిగతావన్నీ తర్వాతే. "ఆ చేత్తోనా?" అన్నాను. నాన్న ఎడమచేతికి ఫిస్టులా ఉంది, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన నరం. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఏదీ లాగకూడదు, ఆఖరికి వాచీ కూడా కట్టకూడదు. నాన్న తన చేతిని ఎవరిదో అన్నట్టు ఓసారి చూసుకున్నాడు. కాశీబుగ్గ బస్టాండు దాటేసరికి నాకు సిగ్గేసింది. రెండేళ్ళకు ఒక్క కోరిక కోరితే మొదట్లోనే తుంచేశాను. ఇంటికి రాగానే కాగితం, పెన్ను తీశాను.

ఇక్కడ నేస్తం సంగతి చెప్పాలి. మా ఉద్దానంలో నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. అమ్మవారి ముందు బట్టలు పెట్టుకుని రెండు ఇళ్ళు చుట్టాలైపోవడం. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, నేస్తం అనే పిలుచుకుంటారు. ఒకరి మాట ఒకరు కాదనరు. నాన్నది జీడితోట. ఆయన నేస్తానిది సముద్రం మీద వేట. బారువ దాటాక తోటల మధ్య ఇసుక దారి పట్టుకుని చాలా దూరం పోతే ఆ చిన్న ఊరు వస్తుంది. మా ఇంటి నుంచి పనసకాయలు, జీడిపప్పు వెళ్ళేవి. వాళ్ళింటి నుంచి ఎండుచేపలు వచ్చేవి.

ఏడాదికోసారి, జీడిపిక్కల పని అయ్యాక, ఇంటిల్లిపాదీ వెళ్ళి పెద్దవల లాగేవాళ్ళం. పడవ మీద వలను దూరంగా తీసుకెళ్ళి చుట్టూ దింపుతారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకొస్తాయి. ఇక రెండు వరసల్లో నిలబడి లాగడమే. తాడు పట్టిన ప్రతి మనిషికీ, చుట్టపుచూపుగా వచ్చినవాడికైనా సరే, చేపల్లో వాటా ఉంటుంది. నిలబడి చూసినవాడికి ఉండదు.

జబ్బు సంగతి నాన్న ఆ నేస్తానికి చెప్పనే లేదు. రాకపోవడానికి రెండేళ్ళలో ఎన్ని సాకులు చెప్పాడో! ఒకసారి మోకాళ్ళన్నాడు, ఒకసారి తోటలో పనన్నాడు, ఇంకోసారి నా ఆఫీసు మీదకి తోశాడు. "తెలిత్తే ఆడొచ్చి నా మంచం పక్కన కూకుంతాడు. అప్పుడు నాను రోగిష్టోడినయిపోతాను" అన్నాడు అమ్మతో. ఇంట్లో కూడా డయాలసిస్ అనే మాట అనేవాడు కాదు, 'ఆ పని' అనేవాడు. చిన్నాన్న, అంటే ఆ నేస్తమే, నేను ఆయన్ని అలాగే పిలుస్తాను, బస్సులో ఎండుచేపలు పంపుతూనే ఉన్నాడు. ఉప్పు కాబట్టి నాన్న తినకూడదు. పొట్లం విప్పి, వాసన చూసి, అమ్మ చేతికిచ్చేసేవాడు.

నేను టెక్కలిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. పరీక్షల టైంటేబుల్ వేసేది నేనే. అన్ని పరీక్షలు వేసేదాన్ని, ఒక్క ఇంటి ప్రయాణం వేయలేనా అనుకున్నాను. మంగళ, గురు, శనివారాలు పలాస ఆస్పత్రి. శనివారం మిషన్ మీదకెక్కితే ఆదివారం నాన్న కాస్త హుషారుగా ఉంటాడు, నాకూ సెలవు. డాక్టరుగారిని అడిగితే, "వెళ్ళిరండి. కుడిచేత్తో కాసేపు పట్టుకోనివ్వండి. ఎడమచేయి మాత్రం జాగ్రత్త. నీళ్ళు కొలత ప్రకారమే" అన్నారు. కాగితం మీద కొలత సీసా రాశాను. గొడుగు, మడతకుర్చీ, చేతికి చుట్టడానికి మెత్తటి తువ్వాలు రాశాను. కొబ్బరిబోండాలు వద్దని రాసి కింద రెండు గీతలు గీశాను. తోట నిండా కొబ్బరిచెట్లు పెంచిన మనిషి బోండాం తాగకూడదంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అమ్మ పంచాంగం తెచ్చి వర్జ్యం చూసింది. మొదటి జీడిపిక్క ఏరడానికైనా మంచీచెడ్డా చూసే ఇల్లు మాది. అంతా కుదిరింది. చిన్నాన్నకు ఫోన్ చేసి, "వచ్చే ఆదివారం వస్తున్నాం, పెద్దవల దింపాలి" అని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "రండమ్మా, అంతకన్నానా" అన్నాడు.

శుక్రవారం ఆయన భార్య ఫోన్ చేసింది. "ఓలమ్మీ, ఆదివారం మా ఊర్ల గంగమ్మ పండగ. ఆ రోజు వల నీటికి తగలకూడదు. నేస్తం ఇంటి మాట కాదననేక మీ సిన్నాన్న ఊఁ అనీసినాడు. రెండ్రోజుల్నుంచి ఊరి పెద్దల్ని బతిమాలతన్నాడు. ఊరంతా ఇదేటి చోద్యమంటన్నారు. నువ్వే ఏదోటి సూడమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "పండగ ఉందని ఒక్క మాట చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని ఫోన్ పెట్టేశాక అమ్మ మీద అరిచాను. పాపం, మధ్యలో అమ్మ ఏం చేసింది? మంచం మీద నుంచి నాన్న నవ్వు వినబడింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. ఠక్కున ఆగిపోయాను.

"నేస్తానికి తేదీ సెప్పకూడదే అమ్మా. ఎప్పుడు రమ్మంతావని అడగాల. నువ్వు నీ పరీచ్చలకి సెప్పినట్టు సెప్పీసినావు. ఆడు కాదననేడు గదా!"

ఆ మాట అని ఫోన్ తనే తీసుకున్నాడు. "నేస్తం, పండగ బాగా సేసుకో. నువ్వు రమ్మన్నప్పుడే వత్తాం" అన్నాడు. "అయితే నీరు సూసి పిలుత్తాను" అని అవతలి నుంచి వినబడింది.

నా టైంటేబుల్ చిత్తుకాగితమైపోయింది. దానికంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. ఆయన ఏ మంగళవారమో పిలిస్తే? కాదనకూడదన్న కట్టు నాన్నకూ ఉంది మరి. "ఆ మూడు రోజులూ కుదరవని ముందే చెప్పు నాన్నా" అన్నాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను భయపడ్డట్టే అయింది. తర్వాతి గురువారం ఉదయం, ఆస్పత్రికి ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగి ఉండగా ఫోన్ మోగింది. చిన్నాన్న గొంతు గదంతా వినబడింది. "నేస్తం! నీరు బాగున్నాది. కవ్వళ్ళ సేపల మంద ఒడ్డు కాడికొచ్చీసినాది. బేగి వచ్చియండి. మీరొచ్చినదాకా వల దింపనివ్వను."

నాన్న మొహం వెలిగిపోయింది. నా వైపు చూశాడు. ఈ ఒక్క రోజు మానేస్తే ఏమవుతుందని ఆ చూపు అడుగుతోంది. అప్పటికే కాళ్ళకు వాపు కనబడుతోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామూలుగా అయితే నేను ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. ఆ రోజు "నాన్నా" అని మాత్రం అన్నాను, ఏడుపొచ్చేసింది.

నాన్న ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఈయేల రానేను నేస్తం."

ఇన్నేళ్ళ నేస్తరికంలో ఆయన ఆ మాట వినడం అదే మొదలు.

"నాకు కిడ్నీలు పోనాయి. రెండేల్లయ్యింది. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఎడం సేత్తో తాడట్టకూడదంట. కుడి సెయ్యొకటే ఉన్నాది."

డయాలసిస్ అన్న మాట నాన్న నోట మేమూ అప్పుడే విన్నాం. ఫోన్లో ఆయన ఊపిరి వినబడుతోంది, వెనక సముద్రం వినబడుతోంది. ఇన్నాళ్ళూ దాచినందుకు తిడతాడనుకున్నాను.

"మంగళ, గురు, శని" అని ఆయన నెమ్మదిగా లెక్కపెట్టుకున్నాడు. "అయితే మిగతా నాలుగు రోజులూ నావే గదా?"

ఫోన్లో కనబడదని మరిచిపోయి నాన్న తల ఊపాడు.

సోమవారం తెల్లవారుతుండగా పిలుపొచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టాను. ఒడ్డున నాన్న కుడిచేత్తో తాడు పట్టాడు. ఎడమచేయి ఉండాల్సిన చోట నేను పట్టాను. గొడుగూ కుర్చీ అన్నీ రాసుకున్న నా కాగితంలో నేను లాగాలన్నది మాత్రం లేదు. వల పైకి వచ్చాక చేపలు కుప్పలుగా పోశారు. మా ముందు రెండు కుప్పలు పడ్డాయి. నాన్నకు అనుమానం వచ్చింది.

"ఒంటి సేత్తో లాగినోడికి ఇన్ని సేపలేటి నేస్తం? నా మీద జాలా?"

"జాలేటి నీ మొకం. తాడట్టిన మనిసికొక వాటా. మీరిద్దరు మనుసులు."

నాన్న తన కుప్పను తనే కుడిచేత్తో బుట్టలోకి ఎత్తుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. బుట్ట నిండాక చెయ్యి లుంగీకి తుడుచుకుని, "బుదారం నీరెలాగుంతాదంతావు?" అని నేస్తాన్ని అడిగాడు.