అద్దం చూసి కొన్న కెమెరా

ఇంత చిన్న సంగతిని కాగితం మీద పెట్టడం ఎందుకని అడిగేవారు ఉండవచ్చు. మా ఇంట్లో ఉన్న అక్క ఫోటో మీద ఆవగింజలంత తెల్లచుక్కలున్నాయి. వాటిని గురించి పిల్లలు తలా ఒక కథ చెబుతున్నారు. ఒకరు పురుగు కొట్టిందంటారు, ఒకరు గోడ చెమ్మ అంటారు, మొన్న ఒక మనవడు ఫిల్ము కడిగిన వాళ్లను తిట్టాడు. నిజం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. తప్పు నాది కాబట్టి రాయడం కూడా నా పనే.

ఆ రోజుల్లో, అంటే గద్వాల ఇంకా సంస్థానంగా ఉన్నప్పుడు, నాకు పుస్తకమంటే ఆకలి. వీధిబడి తర్వాత నన్ను చదివించినవారు లేరు. కచేరీలో నకళ్లు రాసే పని ముగియగానే గ్రంథాలయంలో కూర్చుని చేతికందినదల్లా చదివేవాణ్ని. (అర్థం కానిది రెండోసారి చదివేవాణ్ని. అప్పుడూ అర్థం కాకపోతే ఇతరులకు వివరించేవాణ్ని.) అక్కడే ఫోటోగ్రఫీ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రిఫ్లెక్స్ కెమెరాలో ఏటవాలుగా ఒక అద్దం ఉంటుందట. ఏ కటకం గుండా బొమ్మ ఫిల్ము మీద పడుతుందో, ఆ కటకం గుండానే మనమూ తల వంచి చూడవచ్చునట. ఉన్నది ఉన్నట్టు కనబడుతుందట. ఆ అధ్యాయం నాకు కంఠతా వచ్చేసింది.

అప్పుడే అక్కా బావా షోలాపూరు మిల్లులో పనికి పోవడం ఖాయమైంది. ఎప్పుడూ ఏదీ అడగని అమ్మ ఒకటే అడిగింది: "పోతె పోనీ. నా బిడ్డ మొకమన్న ఇంట్ల ఉంచి పొమ్మను." మా నాయిన గద్వాల చీరలు నేసేవాడు. వనపర్తిలో ఐనక్ సాబు రెండు కెమెరాలు అమ్ముతున్నాడని విన్నాడు. (కళ్లద్దాలను మా వైపు ఐనకులంటారు. సర్కారు కొలువు చేసి ఇంట కూర్చున్న ఆ పెద్దమనిషికి అదే పేరు.) ఆయన ఇంట్లో ఆడవాళ్లకు గద్వాల చీర కావాలట. చీర ఇస్తే రెండు కెమెరాల్లో ఒకటి ఇస్తాడు. నాయిన పట్టు అంచుతో చీర నేశాడు. దాన్ని మూట కట్టుకుని ఇద్దరం రైలెక్కాం.

సాబు వరండాలో రెండు కెమెరాలూ పెట్టాడు. ఒకటి తోలుతిత్తితో ముడుచుకునేది. రెండోది నా కలలోని రిఫ్లెక్స్. నేను దాని వెనక తలుపు తీసి, కటకం ఊడదీసి, మీట నొక్కి, అద్దం పైకి లేవడం నాయినకు చూపించాను. ఆ కెమెరాలో అద్దం అలా లేచిందంటే, ఫిల్మును ముందుకు జరిపే మీట తిప్పేదాకా కిందికి దిగదు. నేను అద్దం మహిమ చెబుతుంటే నాయిన దాని వెనకున్న నల్ల తెరను చూస్తున్నాడు. కెమెరాను నా చేతుల్లోంచి తీసుకుని, వరండా అంచుకు పోయి, మగ్గం మీంచి కోసిన బట్టను పట్టినట్టు ఎండకు పట్టాడు.

"గుడ్డ మంచిగ లేదురా. సూదిమొనంత సందులున్నయ్."

"గది గుడ్డ గాదు నాయినా. షట్టరంటరు. ఫిల్ముకు ఎల్తురు తగలకుంట అడ్డముంటది."

"ఏమన్న అనుకో. నేసిందాన్ని గుడ్డ అనకుంటే ఏమంటరు? గా తిత్తిది దీస్కో. తోలు గట్టిగున్నది."

సాబు పగలబడి నవ్వాడు. "అరె పెద్దమనిషీ, నువ్వు చీర కొననీకి వచ్చినవా, కెమెరా కొననీకి వచ్చినవా?"

ఆ నవ్వులో నేనూ కలిశాను. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఈ వాక్యం దగ్గర కలం ఆగుతున్నది. నాయిన కోపం చేయలేదు. "సదివినోనివి. నాకంటె నీకే ఎరుక," అని చీర మడత సాబు చేతిలో పెట్టాడు.

అక్కావాళ్లు బయలుదేరే రోజు పొద్దున, సున్నం కొట్టిన గోడ ముందు మొదట బావను, తర్వాత ఆమెను నిలబెట్టాను. వాడకట్టంతా చూడవచ్చింది. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయన్నది పుస్తకంలో చదివీ మరిచాను. "జర ఇటు జరుగక్కా" అన్నప్పుడల్లా ఆమె చట్రంలోంచి మాయమయ్యేది. చివరికి మీట నొక్కాను. నొక్కగానే అద్దం లేచి చూపు చీకటయింది. వెంటనే మీట తిప్పితే సరిపోయేది. కానీ చుట్టూ అంతమంది శ్రోతలు మళ్లీ దొరుకుతారా? కెమెరాను ఎండలో మెరిసే గోడ వైపే పట్టుకుని, చీకటి ఎందుకయిందో వివరించడం మొదలుపెట్టాను. నొక్కిన ప్రతిసారీ వివరించాను.

"అయిందా తమ్మీ? కండ్లు గుంజుతున్నయ్."

"ఆగక్కా, గిప్పుడే అసలు సంగతికొచ్చిన."

ఆమె ఆగింది.

ఫిల్మును రాయచూరు పంపాం. ఫోటోలు వచ్చేసరికి అక్కావాళ్లు పోయి చాలా రోజులయింది, షోలాపూరు నుంచి జాబు లేదు. కవరు అమ్మే విప్పింది. చూసి గోడకు చేరగిలబడింది. "నా బిడ్డకు అమ్మవారు పోసింది," అంది. నిజమే, నుదుటి మీద, చెంపల మీద, ముక్కు పక్కన తెల్లటి పొక్కుల్లాంటి చుక్కలు. ఆ కాలంలో మశూచి అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం.

"ఇక్కడున్నప్పుడు మంచిగనే ఉండె గదమ్మా," అన్నాను.

"మన కండ్లకు గానరానిది గా అద్దానికి గానొచ్చింది. ఉన్నదున్నట్టు సూపిస్తదని వాడకట్టందరికీ జెప్పింది నువ్వే గదరా!"

నా ఉపన్యాసం శ్రద్ధగా విన్నది ఆమె ఒక్కతే అని అప్పుడు తెలిసింది. అమ్మ గడపకు వేపమండలు కట్టింది. అమ్మవారున్న ఇంట్లో పోపు వేయకూడదు కాబట్టి పోపు మానేసింది. నేను కాంతి గురించి మొదలుపెడితే చేయెత్తి ఆపింది. రెండు రోజులు చప్పిడి పప్పు తిన్నాం. ఆమె అదీ తినలేదు.

మూడో రోజు నాయిన మగ్గం గుంటలోంచి లేచి, కెమెరా తెమ్మన్నాడు. అమ్మను గడప మీద కూర్చోబెట్టి, వెనక తలుపు తీయించి, కటకం తీయించి, ఎండకు పట్టాడు. పక్కనే ఫోటోను పట్టుకుని కాసేపు చూసి, దాన్ని తలకిందులు చేశాడు. (కటకం బొమ్మను తలకిందులు చేస్తుందని చదివినవాణ్ని నేను. తిప్పి చూడాలన్న ఆలోచన వచ్చింది ఆయనకు.)

"ఇగో, ముక్కు కాడిది. ఇగో, గీ చిల్లు. చెంప మీదియి రెండు. ఇగో రెండు. నీ అల్లుని ఫోటో సూడు, గవే సుక్కలు. సగం గోడ మీద వడ్డయి. గోడకు గూడ అమ్మవారు పోసిందా?"

అమ్మ ఒక్కొక్క చుక్క మీద, ఒక్కొక్క చిల్లు ఎదుట వేలు పెట్టి చూసింది. "గంతేనా?" అంది. "గంతే." లేచి లోపలికి పోయింది. కొంతసేపటికి నూనెలో ఆవాలు చిటపటమన్నాయి. నాయిన మళ్లీ మగ్గంలోకి దిగాడు. నా మొహం వైపు చూడకపోవడం ఆయన మంచితనం.

మరునాడు గ్రంథాలయంలో ఆ పుస్తకాన్ని మొదటిసారి చివరిదాకా చదివాను. పాత కెమెరా కొనేవాళ్లు షట్టరు గుడ్డను ఎండకు పట్టి చిల్లులు వెతకాలని ఆఖరి అధ్యాయంలో ఉంది. అద్దం లేచి ఉన్నంతసేపూ, అంటే నా ఉపన్యాసం సాగినంతసేపూ, ఆ చిల్లుల గుండా వెలుగు ఫిల్ము మీద పడుతూనే ఉంటుందని కూడా ఉంది. ఇంటికొచ్చి చెప్పాను. నాయిన ఆశ్చర్యపోలేదు.

"రాసినోడు మనోడే అయ్యుంటడు," అన్నాడు. "నేతోడు."

తర్వాత తుమ్మబంకలో దీపపు మసి కలిపి, సన్నటి పుల్లతో చిల్లులన్నీ పూడ్చింది కూడా ఆయనే.

ఆ ఇంట్లో అందరికంటే తక్కువ తెలిసిన ఆ పంతొమ్మిదేళ్లవాడికి సాయపడినవారికి ఇప్పుడు చేతులెత్తి మొక్కుతున్నాను. వినని కొడుక్కు కోపం లేకుండా రెండుసార్లు చూపించిన నాయినకు. చెప్పిందల్లా నమ్మిన అమ్మకు. చీర బాగుందని పదేపదే కబురు పంపిన ఐనక్ సాబుకు. మూసే వేళ దాటినా నన్ను లేవమనని గ్రంథాలయం తాతకు. ఫిల్మును కడిగి, చుక్కలకు మాట పడిన రాయచూరు స్టూడియో వాళ్లకు. అందరికంటే ఎక్కువగా అక్కకు. రెండేళ్లకు ఆమె పుట్టింటికి వచ్చినప్పుడు మళ్లీ ఫోటో తీశాను. నొక్కాను, వెంటనే తిప్పాను, నోరు మెదపలేదు. అక్క కొంచెంసేపు ఎదురుచూసి, దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

"ఏంది తమ్మీ, ఒంట్ల బాగ లేదా?"