ఖాళీగ వచ్చిన క్యాసెట్

పటాన్‌చెరుల మా ఫ్యాక్టరీ గేటు కాడ సెక్యూరిటీ తాత ఒకాయన ఉండె. మేనేజర్‌ది టిఫిన్ డబ్బ గూడ మూత తీసి చూస్తుండె. అసొంటి డ్యూటీ అందరికీ చూపియ్యాలని కంపెనీ ఆయన మీద వీడియో తీయించింది.

సాయంత్రం నేను కెమెరామెన్‌ను సాగనంపుతుంటె తాత మాకు అడ్డం నిలబడ్డడు. "పొద్దుగాల క్యాసెట్ ఖాళీగ వచ్చింది. ఇప్పుడు నిండుగ పోతున్నది. గేట్‌పాస్ ఏది?"

నాకు మండింది. "దాంట్ల ఉన్నది నువ్వే గద తాతా" అన్న.

"డ్యూటీల ఉన్నప్పుడు నేను గూడ కంపెనీ మాలే" అన్నడు.

నవ్వాల్నో తిట్టాల్నో సమజ్ కాలే. పాసులు రాసేది నేనే. సామాను పేరు కాడ ఏం రాయాల్నో తెల్వక ఆయన పేరే రాసిన. తాత నిమ్మళంగ చదివి, కింద "వాపస్ తేవాలె" అని రాసి గేటు తీసిండు.