వార్డులో తీసిన రాగం

నిరుడు, నా డెబ్బది నాలుగవ యేట, విశాఖపట్నంలో నాకు గుండె శస్త్రచికిత్స జరిగింది. గండం గడిచింది గాని, మ్రింగే శక్తి సన్నగిల్లింది. గుక్కెడు నీళ్ళకే పొలమారేది. తిండి లేక కండలు కరిగి, చేతి గడియారం మోచేతి దాకా జారేది. ముక్కులో గొట్టం అమర్చి జావ పోసేవారు.

"ఈ రోజు నోటితో మ్రింగగలిగితే గొట్టం తీసేస్తాం. లేకుంటే మరికొన్నాళ్ళు తప్పదు" అన్నారు వైద్యులు.

గొంతుకు కసరత్తు నేర్పే అమ్మాయి వచ్చి, "తాతగారూ, ఎప్పటిలాగే 'ఈ' అంటూ స్వరం పైకి తీసుకెళ్ళండి" అంది. ముప్పది యేండ్లు తెలుగు బోధించిన నాకు ఆ ఒంటి అచ్చు వారం రోజులుగా రుచించలేదు. ఆనాడు ఈకారంతో ముగిసే మత్తేభ పాదమొకటి అందుకొని, నాటకాల ఫక్కీలో రాగం తీశాను.

ఏదో ప్రమాదమనుకొని నర్సులు పరుగున వచ్చారు. సిగ్గుతో కుంచించుకుపోయాను. ప్రక్క మంచం మీది జాలరిపేట అప్పన్న మాత్రం లేచి కూర్చుని, "వన్స్ మోర్ మాస్టారూ! ఏటి, అలా ఆపీసినారు?" అని కేకవేశాడు. వార్డంతా వంత పాడింది. రెండవమారు రాగాన్ని మరింత పైకి తీసికొనిపోయాను.

అమ్మాయి నవ్వుతూ రాగిపిండితో కాచిన చోడి అంబలి చెంచాడు నోట పెట్టింది. గడ్డం వంచి మ్రింగాను. దగ్గు వస్తుందేమోనని అందరూ ఊపిరి బిగబట్టారు. రాలేదు.

"దిగిపోనాదర్రా!" అన్నాడు అప్పన్న. వార్డంతా చప్పట్లు!

పద్యాలకు చప్పట్లు చాలామార్లు అందుకొన్నాను. ఒక్క గుటకకు అందుకొన్నది ఆనాడే. నేటికీ భోజనవేళ మొదటి ముద్ద గొంతు దిగగానే నాలో నేనే మురిసిపోతుంటాను.