బెల్లం కాటా మీద గేర్ల సైకిలు

ఆ కాలంలో మా చిత్తూరులో బరువంటే గౌరవం. మనిషి లావుగా ఉంటే కలిగినవాడు, బస్తా బరువుగా ఉంటే నిజాయితీపరుడిది, ఆడమనిషి మొలలో తాళంచెవుల గుత్తి బరువుగా వేలాడితే ఆ ఇంట్లో పెత్తనం ఆమెదే. బెల్లం మండీలో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి ఉగ్గుపాలతోనే వంటబట్టి ఉండాలి (ఉగ్గుపాలు అని గొప్పకు అంటున్నాను, మా ఇంట్లో అవి బెల్లం నీళ్లే). అయినా డిగ్రీ రెండో ఏడులో నాకు బరువు తగ్గించే పిచ్చి పట్టుకుంది. నా బరువు కాదు, ఒక సైకిలు బరువు. నా బరువు గురించి అప్పట్లో ఎవరికీ చింత లేదు. ఇప్పుడుంది, ఆ మాట చివర్లో చెబుతాను.

తిరుపతి బస్టాండు వెనక మా మేనమామకు ఒక లాడ్జి ఉండేది. కొండకొచ్చినవాళ్లు లాడ్జిలో మరిచిపోయే వస్తువులకు అంతుండదు. చెప్పులు, గుండు చేయించుకున్నాక పనికిరాని దువ్వెనలు, ఒకసారైతే ఒకరి అత్తగారు. (సాయంత్రానికి వచ్చి తీసుకుపోయారు లెండి.) అట్లాగే ఎప్పుడో ఒక తెల్లతను దేశమంతా తిరుగుతూ వచ్చి, తన గేర్ల సైకిలును మెట్ల కింద పెట్టి, రైలెక్కి పోయి మళ్లీ రాలేదు. ఏళ్ల తరబడి దాని మీద లాడ్జి దుప్పట్లు ఆరుతూ ఉండేవి. కొండలూ గుట్టలూ ఎక్కడానికి పుట్టిన జాతి అది. గొట్టాలు రోకళ్లంత లావు, టైర్లకు ట్రాక్టరు టైర్లకున్నట్టు పళ్లు, వెనక బస్తా మోసేంత ఇనుప క్యారియరు. "ఊరికే తీసకపో రా, తావన్నా ఖాళీ అవుతుంది" అన్నాడు మామ. ఊరికే ఇస్తానంటే పుచ్చుకుని రావడం మా వంశంలో లేదు. "ఊరికేనంటే, పంపుతో కలిపి ఊరికేనా మామా?" అని అరగంట బేరమాడి, పంపూ, ఒక దుప్పటీ కూడా తెచ్చుకున్నాను.

నాకు అది కావలసింది అట్లా కాదు. మంగలి అంగట్లో ఒక చిరిగిన ఇంగ్లీషు పత్రికలో పందెం సైకిలు బొమ్మ చూసి ఉన్నాను. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, దారప్పోగు లాంటి టైర్లు, మీద వాలిపోయి దూసుకుపోతున్న మనిషి. ఈ దున్నపోతును ఆ జింకగా మార్చాలని నా పట్టుదల. మొదట బరువెంతో తెలియాలి కదా, మండీలో కాటా ఎక్కించాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాయన తల ఎత్తి చూశాడు. సంగతి విన్నాడు. విని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఏమిరా, బరువు తగ్గేదానికి ఎదురు డబ్బులు పెట్టేవోణ్ణి ఇప్పుడే సూస్తా ఉండా. మన యాపారంలో బరువు తగ్గితే తరుగంటారు. తరుగొస్తే ఇంట్లో చెప్పకుండా ఏడుస్తారు."

మొదట ఊడదీసింది క్యారియరు. తర్వాత స్టాండు, మడ్‌గార్డులు, గంట. అన్నీ పాత ఇనుము కింద అమ్మేసి మద్రాసు బస్సెక్కాను. అక్కడి పాత సామాన్ల బజారులో ఒక మూల కొమ్ముల హ్యాండిలు కనిపించగానే నా గుండె ఆగింది. మొహం మాత్రం ఆగలేదు, పక్కనున్న రిమ్ముల వైపు తిప్పుకున్నాను. నచ్చిన సరుకును సూటిగా చూడకూడదని నాయన నేర్పిన మొదటి పాఠం. తర్వాత దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, నాకు వచ్చిన సరిహద్దు అరవంలో, "పాపం, బాగా వంగిపోయినట్టుందే అన్నా" అన్నాను. అంగడాయన కళ్లజోడు సర్దుకుని, అది వంగిందా, వంచిందా అని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఆయనకూ తెలియదు. వంగిన సరుకుకు తూకం రేటే న్యాయమని ఒప్పించాను. తూచాడు. అది అల్యూమినియం, గాలిబుడగంత బరువు. ఆయన మొహం చూసి, టీ మాత్రం నేనే తాగించాను.

బిగించే పని మా వీధి సైకిలు అంగడి టైటన్న చూసుకున్నాడు. ఏ రోగమున్న సైకిలు తీసుకుపోయినా చివరికి "టైటు చేసినా, పో" అనడం వల్ల ఆయనకు ఆ పేరు. ఆయన చేతిలో సగం నట్లు మరలు తెగి చచ్చేవి. కొమ్ములను చూసి, "సైకిలంటే నిటారుగా నిలబడాల గానీ, ఇదేంది అబ్బా, తల దించుకోనుండాది? ఏం తప్పు చేసింది?" అన్నాడు. కొత్త హ్యాండిలు పాత పట్టులో వదులైతే కూల్‌డ్రింకు డబ్బా రేకు చుట్టి బిగించాం. గేరు మీటలను కొమ్ముల మొదట్లోకి జరిపాం. ముందు పళ్లచక్రాలు మూడుంటే రెండు తీసేశాం. పళ్ల టైర్లు పోయి నున్నని సన్న టైర్లు వచ్చాయి. సీటు కింది గొట్టానికి బెజ్జాలు పెట్టించాను. బెజ్జాల నుంచి రాలిన పొడిని కూడా కాగితంలో కట్టి తూచానంటే నా పిచ్చి మీకు అర్థమవుతుంది.

ఆ ఎండాకాలంలోనే నాయన అన్నం దగ్గర చేయి ఆపడం మొదలుపెట్టాడు. కడుపులో గడ్డ అన్నారు. తిరుపతి పెద్దాసుపత్రిలో చూపించారు, మందులు రాశారు, వారం వారం బరువు చూసి చెప్పమన్నారు. అమ్మ కొండ వైపు తిరిగి పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. నాయన మామూలు మనిషై కొండకొస్తే ఆయన బరువు బెల్లం తులాభారం తూయిస్తానని మొక్కింది. నాయన మంచం మీద నుంచే అడిగాడు:

"ఏ రకం బెల్లమని చెప్పినావు?"

"మంచి బెల్లమే."

"రకం కూడా చెప్పకుండా ఒప్పుకుంటారా ఎవురన్నా! సరే, ఏనాటి బరువు? మొక్కిన నాటిదా, తూచిన నాటిదా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఏడ్చిందో నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు. చూడవచ్చిన మండీ దళారులు మాత్రం ఆ ప్రశ్నను నిజంగానే పట్టుకుని, మంచం చుట్టూ కూర్చుని, కాఫీలు రెండు విడతలు తాగి, మొక్కిన నాటి బరువే చెల్లుతుందని తీర్పు చెప్పారు. ఆ రోజు కాటా మీద నాయన డెబ్భై ఎనిమిది కిలోలు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మండీ కడిగాక ఒక పందెం. ముందు సైకిలు కాటా ఎక్కేది, తర్వాత నాయన. "ఈ వారం ఎవురు గెలిచినారు?" అని ఆయనే అడిగేవాడు. మొదట్లో నేనే గెలిచాను, సంబరపడ్డాను కూడా. తర్వాత సైకిల్లో తీసేయడానికి ఏమీ మిగల్లేదు. నాయనలో మాత్రం ఇంకా ఉంది. "నువ్వు ఒళ్లొంచి తగ్గిస్తా ఉండావు, నేను పనీపాటా లేకుండా తగ్గుతా ఉండా. లాభం ఎవురిదిరా?" అని నవ్వేవాడు. చొక్కా భుజాల మీద నిలవక జారేది.

ఒక శుక్రవారం ఆయన ఎక్కగానే కడ్డీ మీద గుండును వెనక్కి జరపాల్సి వచ్చింది. ఇంకా వెనక్కి. ఇంకా. అప్పుడు నా కుడికాలు దానంతటదే ముందుకు పోయి, బొటనవేలితో కాటా పలకను నొక్కింది. మా వీధిలో పుట్టినవాడికి ఆ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. కడ్డీ లేచింది. "పోయిన వారం ఎంతో ఈ వారమూ అంతే నాయనా, నిలబడింది" అన్నాను. వాకిట్లో అమ్మ చేతులు జోడించింది. నాయన కిందికి చూడలేదు. చిన్నగా, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు:

"కాలు తియ్యి. మీ తాత కూడా ఈ కాటా మింద ఆ పని చెయ్యలేదు."

తీశాను. కడ్డీ టక్కున పడింది. ఆ చప్పుడు చిన్నదే. మరుసటి వారం నుంచి మేమెవరమూ కాటా ఎక్కలేదు, సైకిలు కూడా.

కొన్నాళ్లకు ఆయన్ని తిరుపతి ఆసుపత్రిలో చేర్చారు. నేను మండీ మూసి, ఆ సైకిలు మీదే చంద్రగిరి మీదుగా తిరుపతికి పోయేవాణ్ణి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరేలోపే చేరేవాణ్ణి. ఎంత తేలికగా పోయేదో చెప్పలేను. అంత తేలికైనందుకు దాని మీద కోపం వచ్చేది.

చివరికి డాక్టరు, "ఇంటికి తీసుకుపోండి, ఏం తినాలన్నా పెట్టండి" అన్నాడు. ఏం తినాలన్నా పెట్టమంటే ఏమిటో మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. అమ్మా మామా పక్కచుట్టలతో ముందే ఆటోలో లాడ్జికి పోయి ఆ రాత్రికి గది సర్దుతున్నారు. నేను కాగితాల పని ముగించి నాయన్ని బయటికి నడిపించుకొచ్చాను. గేటు దగ్గర ఆటో అతను లాడ్జికి ఎంత అడిగాడో గానీ, నాయన కళ్లలో చాలా రోజుల తర్వాత వెలుగు కనబడింది.

"అంతా? సగం చెప్పబ్బా."

"కాదు పెద్దాయనా, గిట్టదు."

అతను అడిగినంతా నేను ఇచ్చేద్దునేమో, నాయన నా మోచేయి గట్టిగా పట్టాడు. "నడువు" అన్నాడు. అది మా ఇంటి విద్య. బేరం తెగనప్పుడు వెనక్కి తిరిగి నడిచిపోవాలి, నాలుగడుగులు వేసేలోపు అంగడివాడే పిలుస్తాడు. జీవితమంతా ఆయన్ని పిలవని అంగడివాడు లేడు. మేం తిరిగి నడిచాం. నాలుగడుగుల తర్వాత వెనక నుంచి పిలుపు రాలేదు, ఆటో చప్పుడు వచ్చింది. వేరే బేరం ఎక్కించుకుని పోయాడు. నాయన అక్కడే కాలువ గట్టు మీద కూలబడి, "కాలం మారిందిరా" అన్నాడు. ఆయాసం వల్ల ఆ మాట రెండు ముక్కలైంది.

ఇంకో ఆటో కోసం చూశాను. అన్నీ నిండుగా పోతున్నాయి. గోడకు ఆనించిన నా సైకిలు కనిపించింది. క్యారియరు లేదు. తువ్వాలు నాలుగు మడతలు వేసి నడిమి కమ్మీకి చుట్టి, నాయన్ని దాని మీద పక్కకు కూర్చోబెట్టాను, చిన్నప్పుడు ఆయన నన్ను బడికి తీసుకుపోయినట్టు. మామూలు సైకిలైతే నిటారుగా కూర్చుని తొక్కొచ్చు. ఇది కొమ్ముల హ్యాండిలు, ఒంగి తీరాలి. ఒంగితే నా రెండు చేతుల మధ్య నాయన, నా గడ్డం ఆయన నడినెత్తి మీద. అన్నాళ్ల ఆసుపత్రి తర్వాత కూడా ఆ జుట్టులో బెల్లం వాసనే. మా ఇండ్లలో తండ్రీకొడుకులు ఒకరినొకరు తాకేది తాయెత్తులు కట్టేటప్పుడే. నాకు ఏం చేయాలో తెలియక గట్టిగా తొక్కాను.

"మెల్లిగా పో రా. నీ గడ్డం గుచ్చుకుంటా ఉండాది." కాస్త దూరం పోయాక, "ఆ క్యారియరు ఎంతకమ్మినావు?"

"పాత ఇనుము రేటుకు నాయనా."

"నష్టానికి అమ్మినావు."

రైల్వే గేటు పడింది. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. గూడ్సు బండి తెమలడం లేదు. నాయన తల తిప్పకుండానే అన్నాడు: "అమ్మ మొక్కు సంగతి. ఈనాటి బరువుకు తూయించెయ్ రా. సగం బెల్లం మిగుల్తుంది."

"కుదరదు. మొక్కిన నాటి బరువే."

"మధ్యస్తంగా తెంచు."

"ఒక్క గ్రాము తగ్గను. డెబ్భై ఎనిమిది. నువ్వొచ్చి కూర్చోవాల."

బండి పెట్టెలు ఒకటొకటిగా పోతున్నాయి. "బేరం బాగా నేర్సినావు" అన్నాడు. "కానీ సరుకు సూసి ఆడాల, అబ్బోడా."

గేటు లేచింది. సరుకు నా చేతుల మధ్యే ఉంది, చూస్తూనే ఉన్నాను. అయినా నేను తగ్గలేదు, ఆయనా పెంచలేదు. బేరం తెగలేదు.

దీపావళి రాకముందే నాయన పోయాడు. పెద్దకర్మ నాడు దళారులు మళ్లీ కూర్చుని, మనిషి దక్కలేదు గనక మొక్కు చెల్లించనక్కర్లేదని తేల్చారు. సరుకు అందనప్పుడు రొక్కమెందుకు, వ్యాపార ధర్మం అది. అమ్మ తలూపింది. ముడుపు విప్పి, పసుపు గుడ్డ ఉతికి మడిచి పెట్టుకుంది. నేనూ ఒప్పుకున్నాను. సైకిలును మండీ దూలం కొక్కేనికి వేలాడదీసి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను.

కూర్చుంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ సన్నటి టైర్లు నన్ను చూస్తేనే పగిలిపోయే స్థితి వచ్చింది. ఈ మధ్య డాక్టరమ్మ బరువు తగ్గమని కోప్పడితే, మండీ మూసే వేళ ఎవరూ చూడకుండా కాటా ఎక్కాను. గుండు ముందుకు జరిపాను. ఇంకా ముందుకు. కడ్డీ సమంగా నిలిచిన చోట చూస్తే డెబ్భై ఎనిమిది. కాలివేలు ఎవరిదీ లేదు. దిగబుద్ధి కాలేదు.

ఆ వారమే కొండకు పోయాను. తగ్గమన్న డాక్టరమ్మ మాట వినేలోపే పోవాలి కదా. తులాభారం తక్కెడలో ఒక పక్క మేలు రకం బెల్లం, ఒక పక్క నేను. తూకం వేసేతను అడిగాడు: "ఎవురి మొక్కు సామీ?"

"మా నాయనది."

"ఆయన రాలేదా?"

"ఆయన బరువు నేను తెచ్చినా."

అతనికి ఏం అర్థమైందో, తలూపాడు. దిమ్మెలు పేర్చాడు. ఎన్ని పేర్చినా తక్కెడ కుదుటపడటం లేదు. వంగి నా కాళ్ల వైపు చూశాడు. నా కుడికాలి బొటనవేలు, నా ప్రమేయం లేకుండానే, నేలకు ఆని ఉంది.

"కాలు తియ్యి సామీ."

ఇంత వయసొచ్చి, ఇంత పొట్ట వేసుకుని, అందరి ముందూ పట్టుబడ్డాను. నవ్వొచ్చింది. తీశాను.