నూతికి చోటు చాలని సన్మానపత్రం

గురువారం, ఉదయం పదిన్నర. గానుగల పని అయిపోయి ఎండలు ముదురుతున్న కాలం. ఏ సంవత్సరమో సరిగ్గా గుర్తులేదు గాని, జమీందారీలు పోయాక, యాభైల నడిమి మాట. చోడవరంలో నేను పనిచేసే అచ్చాఫీసుకు ముగ్గురు పెద్దమనుషులు వచ్చి, ఒక మేడను ఇంగ్లీషులో ఏమని పొగడాలో తేలక మధ్యాహ్నం దాకా కొట్టుకున్నారు.

నేను ముప్పయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. బడిలో కాదు, ఆ అచ్చాఫీసులోనే. మొదట మిషను తొక్కడానికి చేరాను. అచ్చుకు సీసపు అక్షరాలు పేర్చే పెద్దాయనకు చూపు తగ్గాక, పక్కన నిలబడి గళ్ళలోంచి ఏరి ఇస్తూ ఇస్తూ తెలుగు పట్టుకున్నాను. ఇంగ్లీషుకు మాత్రం ఆకారాలే తెలుసు. కాగితం చూసి గుర్తుకు గుర్తు పేర్చేవాణ్ణి. అర్థం ఎవరైనా చెబితేనే తెలిసేది.

మేడ కట్టినవాడు మా ఊళ్ళో బెల్లం షావుకారు. ఆ సాయంత్రం నాలుగింటికి కొత్త మేడ ముందు పందిట్లో ఆయనకు సన్మానం. అప్పట్లో మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పెద్దవాడి దగ్గర ఏదైనా కావాలంటే నేరుగా వెళ్ళి అడగరు. ఇంగ్లీషులో సన్మానపత్రం అచ్చువేయించి, అద్దాల చట్రం కట్టించి, సభలో చదివి చేతికిస్తారు. పైన పొగడ్త, అడుగున కోరిక. అందరి ముందూ చదివిన కోరికను కాదంటే పరువు తక్కువ కాబట్టి చాలావరకు జరిగేవి. పత్రంలో లేనిది మాత్రం ఎవరూ అడగరు, అడిగినా ఆయన వినడు.

ఆ పత్రం అడుగున మూడు వరుసలు మావి. మా పేటకు నుయ్యి లేదు. ఆడవాళ్ళు బుచ్చయ్యపేట దారిలో ఒకరి చెరకుతోటలో ఉన్న నూతికి పోయేవారు. తోటవాడి మనసు బాగుంటే నీళ్ళు, లేకపోతే ఖాళీ బిందెలు. నా భార్యకు అప్పుడు ఏడో నెల. పత్రం రాసిన హైస్కూలు హెడ్మాస్టరు గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆ మూడు వరుసలూ రాయించాను. ముందురోజే నా చేత్తో పేర్చాను. పేర్చాక వాటి మీద వేలు పెట్టి రెండుసార్లు తడుముకున్నాను కూడా.

ఆ ఉదయం వచ్చిన ముగ్గురిలో ఒకరు ఆ హెడ్మాస్టరు గారే. రెండో ఆయన తాలూకా ఆఫీసులో పెద్ద గుమస్తాగా చేసి దిగిపోయినాయన. మూడోవాడు షావుకారు బావమరిది.

బావమరిది తడి ప్రూఫు ఎత్తి పట్టుకుని, "ఇదేటి మాస్టారూ, మా బావ మేడని గ్రాండన్నారు? అనకాపల్లిలో సింతపండు యాపారికి ఇచ్చిన పత్రంలోనూ గ్రాండే. ఆడి పెంకుటిల్లూ మా మేడా ఒకటేటి?" అన్నాడు.

"పోనీ, రిచ్ అందామా?" అన్నారు హెడ్మాస్టరు.

"రిచ్చంటే కలిగినోడు. ఆ సంగతి ఊళ్ళో కుక్కలకీ తెలుసు. దానికి పత్రమెందుకండీ?"

"అయితే లగ్జూరియస్. సకల సౌఖ్యాలూ ఉన్న ఇల్లని."

గుమస్తా గారు ముక్కుపొడుం డబ్బీ టప్పున మూశారు. "వొద్దు బాబూ, వొద్దు. ముప్పయ్యేళ్ళు ఆ ఆఫీసులో సచ్చేను. లగ్జరీ అన్న మాట పన్ను కాయితాల్లో తప్ప ఎక్కడా సూణ్ణేదు. ఈ పత్రం గోడకి తగిలించేరంటే, రేపు పన్నులాయన వొచ్చి ముందు అదే సదువుతాడు."

"కొట్టెయ్యండి, కొట్టెయ్యండి!" అన్నాడు బావమరిది.

తర్వాత లావిష్ వచ్చింది. అంటే వెనకాముందూ చూడకుండా ఖర్చుపెట్టినదని హెడ్మాస్టరు విడమరిచేసరికి, "మా బావని దుబారా మనిషంటారేటి?" అని బావమరిది లేచి నిలబడ్డాడు. పలేషియల్ అంటే రాజుగారి కోటలాంటిదన్నారు. "రాజుల్ని దింపేసి ఎన్నాళ్ళయిందండీ? సభకొచ్చే ఖద్దరోళ్ళు ఏటనుకుంటారు?" అని గుమస్తా గారు అడ్డుపడ్డారు. సంప్చుయస్ విందుభోజనానికి బాగుంటుందని పక్కన పెట్టారు. ఒపులెంట్ దగ్గర ముగ్గురూ మూడు రకాలుగా పలికారు. "మనకే నోరు తిరగడం లేదంటే గొప్ప మాటే అయ్యుంటాది" అని బావమరిది సంబరపడిపోయాడు.

వాళ్ళు ఆ మాటల్ని సంతలో వంకాయల్లా నొక్కి చూస్తుంటే నాకు ఆ మేడ వెనకవైపు గుర్తొచ్చింది. దాని మురికినీళ్ళ తూమును మా పేట వీధి మొదట్లోకి వదిలారు. స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు, ఇంకా చెప్పకూడనివీ మా గుమ్మాల ముందు నుంచే పోయేవి. ఆ మేడ వల్ల మా పేటకు అందిన నీళ్ళు అవే. ఆ కంపుకు ఇంగ్లీషులో ఏ మాట ఉందో వాళ్ళలో ఒక్కడూ వెతకలేదు.

చివరికి బావమరిదే తేల్చాడు. "ఇంత గొడవెందుకు? ఒపులెంటూ పెట్టండి, సంప్చుయస్సూ పెట్టండి, పలేషియలూ పెట్టండి. సలవరాతి గచ్చు మీద ఇంకో వాక్యం రాయండి."

అచ్చాఫీసు యజమాని నసిగాడు. "చోటు లేదండి. చట్రానికి అద్దం కోసేసేరు, కాయితం పెంచలేం. ఇంగ్లీషు అక్షరాలు కూడా మాకు ఒక్క పెట్టెడే."

"మరి అడుగునున్న ఈ మూడు వరసలేటి?" అన్నాడు బావమరిది.

"అది ఆ పేట నూతి సంగతి," అన్నారు హెడ్మాస్టరు చిన్న గొంతుతో.

"తీసియ్యండి."

నేను ఉండబట్టలేక, "బాబూ, అది తీసేస్తే మా నుయ్యి పోద్దండి" అన్నాను.

"ఒరే, తవ్వని నుయ్యి ఎక్కడికి పోతాదిరా? సభలో నోటితో సెప్పుకుందాంలే. పని సూడు."

నేను హెడ్మాస్టరు వైపు చూశాను. బడికి రెండు గదులు వేయిస్తానని షావుకారు మాటిచ్చి ఉన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు.

పేర్చిన అక్షరాల చుట్టూ కట్టిన దారం విప్పి ఆ మూడు వరుసలూ పీకాను. ఒక్కొక్క అక్షరమూ దాని గడిలో వేశాను. మళ్ళీ ఆ గళ్ళలోంచే తీసి మేడ పొగడ్తలు పేర్చాను. పని అలవాటైన చేతులు దేనికైనా సిద్ధంగా ఉంటాయి, ఛీ.

సాయంత్రం పందిట్లో హెడ్మాస్టరు పత్రం చదివారు. షావుకారుకు ఇంగ్లీషు రాదు. పెద్ద మాట వచ్చినప్పుడల్లా బావమరిది చప్పట్లు కొట్టేవాడు, అది చూసి జనం కొట్టేవారు. చదవడం అయ్యాక షావుకారు చట్రం అందుకుని, "మరి కోరికేదీ అడగలేదేటి?" అన్నాడు. నిజంగానే అడిగాడు, ఆ మాట దాచను.

"నీ మేడ సూసి మురిసిపోడమే ఊరి కోరిక బావా!" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. హెడ్మాస్టరు కిందికి చూశారు. పందిరి గుంజ పక్కన నేను నిలబడి ఉన్నాను. నోరు తెరిచి నాలుగు తెలుగు ముక్కలు అంటే చాలు. పక్కనే ఉన్న మా యజమాని చిన్నగా దగ్గాడు. నేను గుంజ వెనక్కి జరిగాను.

మా పేట ఆడవాళ్ళు తమ నుయ్యి ఇంగ్లీషులో అడుగుతారని, వినడానికే వచ్చి పందిరి చివర నేల మీద కూర్చున్నారు. నా భార్య లేచి మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"మావా, మన నూతి మాట ఎక్కడొచ్చింది?"

"ఆఖర్న వచ్చింది."

"గట్టిగా సప్పట్లు కొట్టేరు, అప్పుడేనా?"

"ఆ, అప్పుడే."

ఆమె వాళ్ళ వైపు తిరిగి, "సెప్పేనా! సప్పట్లు కొట్టేరు సూడండే, అదే మన నుయ్యి!" అంది. వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

పేర్లు రాయను గాని, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు: బెల్లం షావుకారు, ఆయన బావమరిది, కళ్ళజోడు తుడుచుకున్న హెడ్మాస్టరు, పన్నులకు భయపడ్డ పెద్ద గుమస్తా, దగ్గిన మా అచ్చాఫీసు యజమాని, చప్పట్లు కొట్టిన ఊరి జనం, లేని నూతికి చప్పట్లు కొట్టిన మా పేట ఆడవాళ్ళు, వాళ్ళ ముందు ఏడో నెల కడుపుతో నిలబడి నవ్విన నా భార్య, ఆమెకు చదువు రాదన్న ధైర్యంతో అబద్ధం చెప్పిన నేను.