తమ్ముడి ఏటీవీకి నేను కట్టిన మోకు

మనుషుల్ని నమ్మకపోవడం నాకు వృత్తిలో అంటుకున్న అలవాటు. ఇరవై ఏళ్ళుగా పికప్ బండిలో గొర్రెల్ని సంతలకు తోలుతున్నాను. ఒకసారి నేను టీ తాగి వచ్చేలోపు బండిలోని బలిసిన పొట్టేలు పోయి, దాని స్థానంలో ఒక బక్కది నిలబడి ఉంది. లెక్క సరిపోయింది, జీవం మారిపోయింది. అప్పటినుంచి బండి ఎక్కే ప్రతి గొర్రెకూ చెవి వెనక నేనే ఎర్రరంగు పూస్తాను. ఆ రంగు డబ్బా ఎప్పుడూ నా సీటు కిందే ఉంటుంది. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా, "నాకూ ఒక చుక్క పెట్టుకోప్పా, ఎవరన్నా మార్చేస్తారేమో" అంటుంది. నవ్వుతూనే అంటుంది కానీ, అందులో నిజం లేకపోలేదు.

నా తమ్ముడు ముదిగుబ్బ దగ్గర మా ఊళ్ళోనే గొర్రెలు మేపుకుంటాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఎనభై దాకా గొర్రెలున్నాయి వాడికి. రెండేళ్ళ కిందట గుట్ట మీద ఒక గొర్రెపిల్లను పట్టుకోబోయి బండల మధ్య పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. డాక్టర్లు లోపల రాడ్ వేశారు. ఇంట్లో తిరగగలడు, చేనిదాకా నడవగలడు, గుట్ట మాత్రం ఎక్కలేడు. వాన మొహం చాటేసిన ఏడాది మా దగ్గర మేత ఉండేది గుట్టల మీదే. మంద వెంట కొన్నాళ్ళు జీతగాడు పోయాడు, వాడు మానుకున్నాక మరదలు పోయింది. ఆమెకూ మోకాళ్ళు పట్టేశాయి.

ఇక మంద అమ్మేయడమే మేలని నేను తీర్మానించాను. తమ్ముడితో అంటే ఒప్పుకోడు. అందుకని వాడికి చెప్పకుండా గొర్రెల వ్యాపారి ఒకాయనతో మాట్లాడేశాను. వచ్చే సంతకు మంద మొత్తం తెచ్చి దింపుతానని మాట కూడా ఇచ్చాను. వాడి మంచి కోరే చేశానని అప్పుడు గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

సరిగ్గా అప్పుడే వాడు నా దగ్గరికి వచ్చి ఫోనులో ఒక ఫొటో చూపించాడు. నాలుగు లావు చక్రాలు, మీద బైకు సీటు, బైకు హ్యాండిలు. ఏటీవీ అంటారట.

"ఇది గుట్టెక్కుతాదంటన్నా. దీని మింద కూర్చొని మంద ఎనకాల పోవచ్చు."

"ఎక్కుతాదని ఎవురు చెప్పినార్రా?"

"అమ్మేటోళ్ళు."

"అమ్మేటోళ్ళు ఎక్కదని చెప్తారా యాడన్నా?"

బాగేపల్లి అవతల ఒక తోట ఉందట. బెంగళూరు వాళ్ళు సెలవు రోజుల్లో వచ్చి ఈ బండ్ల మీద మట్టిలో పొర్లాడి పోయేవాళ్ళట. అది మూసేస్తున్నారు. రెండు ఏటీవీలు కలిపి ఇస్తారట, ఒకటి నడిచేది, ఇంకొకటి విడిభాగాలకు పనికొచ్చేది. నంబరు ప్లేటు లేని బండి కాబట్టి రోడ్డు మీద నడపడానికి లేదు, మోసుకొని రావాలి. "నీ పికప్ తీసకరాన్నా" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో దాచడం దేనికి. పోయి ఆ బండిలో ఏదో ఒక లోపం పట్టుకొని, ఉత్త పికప్‌తో వాణ్ణి వెనక్కి తీసుకొచ్చేద్దామని.

పెనుకొండ దాటాక వాడు అద్దంలోంచి బయటికి చూస్తూ, "వచ్చే సంతకు నీకు బాడుగ ఉండాదా అన్నా?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఉలిక్కిపడ్డాను. "ఏం, ఎందుకు?" అన్నాను. "ఉత్తగే అడిగినా" అన్నాడు. ఆ ఉత్తగే అన్న మాట బాగేపల్లి దాకా నన్ను కుట్టింది. వీడికేమైనా తెలిసిందా? తెలిస్తే ఇంత నెమ్మదిగా కూర్చుంటాడా? వాడేమో శనక్కాయలు వలుచుకుంటూ గింజలు నా చేతిలో పెడుతున్నాడు.

తోట దగ్గర కాపలా మనిషి ఒక్కడే ఉన్నాడు. యాభై దాటినవాడు, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతున్నాడు. మా వాణ్ణి చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. నాకు అక్కడే అనుమానం మొదలైంది. వీళ్ళిద్దరికీ పరిచయం ఎక్కడిది? నెల రోజులుగా ఫోనులో మాట్లాడుకుంటున్నారట.

బండిని నేను రెండు గంటలు చూశాను. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించారేమోనని ఇంజను మీద చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది. సీటు ఎత్తి చూశాను, బోల్టులు తడిమాను, చక్రాలు తన్నాను. తమ్ముడు దాని మీద కూర్చొని, వాళ్ళు పోసి పెట్టిన మట్టిదిబ్బ ఎక్కించి దింపాడు. బండి మారాం చేయలేదు. దిగేటప్పుడు వాడి ముఖం చూసి నాకు భయమేసింది. కాలు విరిగాక అంత సంతోషం ఆ ముఖంలో నేను చూడలేదు. లోపం ఒకటి దొరక్కపోతుందా అని మళ్ళీ వెతికాను. దొరకలేదు. చివరికి సీటు కింది డబ్బా తెచ్చి ఇంజను మీద, నాలుగు చక్రాల లోపలి వైపు ఎర్రరంగు పూశాను.

"ఏమన్నా, పూజ చేస్తాండావా?" అని అడిగాడు కాపలా మనిషి.

"గుర్తు. మాయమై వేరేది రాకుండా."

ఆయన గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక ఎలా తీసుకుపోవాలన్నది తేలాలి. కాపలా మనిషి మూడు దారులు చెప్పాడు. ఆ తోటలో రెండు చక్రాల ట్రెయిలర్ ఒకటి ఉంది, దాన్ని పికప్ వెనక తగిలిస్తే రెండు బండ్లూ కూర్చుంటాయి, తర్వాత తీరిగ్గా తెచ్చి ఇవ్వవచ్చు. లేదా ఒక్కో ట్రిప్పుకు ఒక్కోటి తీసుకుపోవచ్చు. లేదా రెండూ పికప్‌లోనే ఇరికించవచ్చు.

ట్రెయిలర్ తగిలించాలంటే నా బండికి కొక్కెం వెల్డింగ్ చేయించాలి. ఆ వెల్డింగ్ షాపు ఈయన బావమరిదిదై ఉంటుంది. రెండు ట్రిప్పులంటే, మొదటిది దింపి నేను తిరిగి వచ్చేలోపు ఇక్కడున్నదాని కడుపులో ఏమీ మిగలదు. నా బుర్రకు అన్ని దారుల చివరా ఒక దొంగే కనిపించాడు. వెనక తొట్టిని మూరలతో కొలిచాను. చెడిపోయిన బండికి చక్రాలు ఊడదీసి క్యాబిన్‌కు ఆనించి అడ్డంగా పెడితే, మంచిది దాని వెనక నిలువుగా పడుతుంది. డోరు కూడా మూసుకుంటుంది. రెండూ ఒకేసారి, నా కళ్ళ ముందు. అదే ఖాయం చేశాను.

మందంపాటి పలకలు రెండు వాల్చి, తమ్ముడే మంచి బండిని మెల్లగా పైకి ఎక్కించాడు. తర్వాత నేను మోకు తీశాను. వేరుశనగ కట్టె, అంటే కాయలు రాల్చాక మిగిలే మేత, బండి మీద రెండు మనుషుల ఎత్తు పేర్చి కట్టడంలో మా మండలంలో నాకు పేరుంది. మోకు లోడు మీదుగా విసిరి, అవతలి కొక్కేనికి తగిలించి, బండికి కాలు తన్నిపెట్టి ఒళ్ళంతా వేసి లాగాలి. ఏటీవీ సీటు మీదుగా అట్లాగే విసిరి, అట్లాగే లాగి ముడేశాను. ఏటీవీ కిందికి కుంగి కూర్చుంది.

కాపలా మనిషి వచ్చి సీటు మీద అరచేత్తో నొక్కి చూశాడు. "ఇది చెనిక్కాయ కట్టె కాదన్నా. దీనికి కింద స్ప్రింగులుండాయి. గుంత వస్తే ఇంకా కుంగుతాది, అప్పుడు నీ మోకు జారిపోతాది. సీటుకి కట్టకూడదు, కింద చక్రాల కాడ ఇరుసుకు కట్టల్ల. బెల్టులుండాయి, తీసకపో."

"ఎంత?"

"దుడ్లేమీ వద్దన్నా. మాకింక ఏం పని వాటితో?"

ఉత్తపుణ్యానికి ఇచ్చేవాణ్ణి నేను జన్మలో నమ్మలేదు. పైగా నా మోకుకు వంక పెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, "నేను కట్టిన లోడు ఇంతవరకు జారలేదప్పా. నీ బెల్టులు నువ్వే పెట్టుకో" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అమ్మినట్టు రాసిన కాగితం కోసం గదిలోకి పోయి, అక్కడే నిలబడి దాన్ని నాలుగుసార్లు చదివాను. తిరిగి వచ్చేసరికి తమ్ముడు బండ్ల మీద టార్పాలిన్ కప్పేసి ఉన్నాడు. "ఎవరు కప్పమన్నార్రా?" అన్నాను. "ఎండ కదన్నా" అన్నాడు.

దారిలో మూడుసార్లు దిగి, టార్పాలిన్ కిందికి చెయ్యి పెట్టి మోకు లాగి చూశాను. బిగువుగానే ఉంది. ప్రతిసారీ తమ్ముడికి వినబడేట్టు, "ఎవరో బెల్టులంట, బెల్టులు" అన్నాను.

ధర్మవరం దాటాక ఒక ఊరి మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఉంది. నేను చూసుకోలేదు. బండి ఎగిరి పడింది, వెనక దబ్బుమని శబ్దం. బండి పక్కకు ఆపి పరుగెత్తి టార్పాలిన్ ఎత్తాను.

నా మోకు సీటు మీద పాములా వదులుగా పడి ఉంది. కొస కొక్కెంలోంచి ఊడిపోయింది. చెడిపోయిన బండి జానెడు పక్కకు జరిగి తొట్టిని గుద్దుకుంది, శబ్దం దానిదే. మంచి బండి మాత్రం అంగుళం కదలలేదు. వంగి చూశాను. నాలుగు చక్రాల దగ్గరా ఇరుసును పట్టుకొని నాలుగు నారింజరంగు బెల్టులు తొట్టి కొక్కేలకు బిగించి ఉన్నాయి.

ఆ క్షణంలో కూడా నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఆ కాపలావాడు ఏం దాచడానికి ఇవి కట్టాడా అని.

తమ్ముడు కర్ర పట్టుకొని మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈటిని ఎవురు కట్టినార్రా?"

"నేనూ, ఆయప్పా కట్టినాము. నువ్వు కాయితానికి లోపలికి పోయినప్పుడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇప్పేస్తావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు నాదని తెలిసినప్పుడు నాకు కోపం ఎక్కువ వస్తుంది. "నాకు చెప్పకుండా ఇట్లాంటివి ఎన్ని చేస్తాండావురా నువ్వు?" అని రోడ్డు మీదే అరిచాను.

వాడు తొట్టికి ఆనుకొని కాలు రుద్దుకున్నాడు. "ఇదొక్కటేన్నా" అన్నాడు. "పోయిన వారం గొర్ల వ్యాపారి నాకు ఫోన్ చేసినాడు. సంతకు మందను యాళకు తోలుకొస్తారా లేదా, మీ అన్న ఫోన్ ఎత్తడం లేదు అని అడిగినాడు" అన్నాడు.

పోయిన వారం. అంటే నన్ను పికప్ తెమ్మని అడగక ముందే. పెనుకొండ దగ్గర సంత మాట ఎత్తినప్పుడు నాకు ఒక అవకాశం ఇచ్చాడన్నమాట. నేను దాన్ని శనక్కాయ గింజలతో పాటు నమిలి మింగేశాను. లోకంలో అందరి చేతులూ కనిపెడుతూ తిరిగాను కానీ, వాడి గొర్రెల మీద వాడికి తెలియకుండా పడిన చెయ్యి నాది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్కడే నిలబడి వ్యాపారికి ఫోన్ చేశాను. మంద రాదని చెప్పాను. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు, పడ్డాను. ఫోన్ జేబులో పెట్టుకొని, ఏం చేయాలో తోచక మోకును చుట్టచుట్టడం మొదలుపెట్టాను.

"అంతా తెలిసి నన్నెందుకు పిల్చినావురా?" అన్నాను. "బాడుగకు ఎన్ని పికప్‌లు లేవు?"

"ఇంగెవర్ని పిల్చల్లన్నా?" అన్నాడు.

ఎత్తిపొడుపు ఉందేమోనని వాడి ముఖంలో వెతికాను. లేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు.